పెరగమంటే పెరిగే వైరస్!

అంబాజీపేట: కొబ్బరిచెట్టును పెద్దకొడుకుగా చూసుకునే సీమ ఇది. ఆ చెట్టు మొవ్వులో కొమ్ముపురుగు దూరిందంటే రైతుకు కంటిమీద కునుకుండదు. విచ్చుకోని ఆకును అది లోపలే కొరికేస్తుంది. ఆకు విప్పారాక చూస్తే కత్తెరతో కోసినట్టు ఉంటుంది. ఇనుప చువ్వతో పురుగును బయటికి లాగడం ఇక్కడివారికి కొత్తకాదు.

ఈ పురుగుకూ ఒక జబ్బుంది. దాన్ని తెచ్చే వైరస్‌ను 1963లో మలయాలో జర్మన్ శాస్త్రవేత్త అలోయిస్ హ్యూగర్ కనిపెట్టారు. 1967లో సమోవా దీవుల్లో, 1983లో మన లక్షదీవుల్లోని మినికాయ్‌లో దాన్ని వదిలారు. తోటల్లో నష్టం తగ్గింది. జబ్బుపడిన పురుగు వెంటనే చావదు. తిండి తగ్గి, గుడ్లు తగ్గి, తోటి పురుగులకు అంటించి మరీ చస్తుంది. మనుషులకు, పశువులకు ఈ జబ్బు రాదు.

వదిలితే తిరిగి రాదు

ఇది ప్రకృతిలో పుట్టిన వైరస్. ఒకసారి వదిలితే దానంతటదే పెరిగి పాకుతుంది. రైతుకు కావలసింది అదే. మనుషుల జబ్బుల వైరస్‌లను పరిశోధించే వారికి మాత్రం అదే భయం. వైరస్ పెరగకపోతే దాని గుట్టు తెలియదు. అదుపు తప్పి పెరిగితే ముప్పు. అందుకే వైరస్ జన్యువులకే తాళం వేసే పద్ధతులు వచ్చాయి.

మొదటిది, పెరగడానికి కావలసిన జన్యువును వైరస్ నుంచి తీసేసి, దాన్ని ప్రయోగశాలలో పెంచే కణాల్లో ఉంచడం. ఆ కణాల్లో తప్ప వైరస్ ఇంకెక్కడా పెరగలేదు. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం తయారుచేసిన కణాలు ఇలాంటివే. 2021లో ఊరూరా వేసిన కోవిషీల్డ్ టీకాలో ఉన్నది కూడా ఇలా పెరిగే శక్తి తీసేసిన చింపాంజీ జలుబు వైరసే.

రెండోది మోటారు స్విచ్చి లాంటిది. ఆమ్‌స్టర్‌డామ్‌లో బెన్ బెర్కౌట్ బృందం ఎయిడ్స్ వైరస్‌ను మార్చి, డాక్సీసైక్లిన్ మందు ఉంటేనే పెరిగేలా చేసింది. మందు ఆపితే పెరుగుదల ఆగుతుంది. ఈ సంగతి 2001లో ప్రకటించారు.

తాళం తీసే దొంగ

అయితే వైరస్ పెరిగే కొద్దీ మారుతుంది. ఆ బృందం ఎక్కువకాలం పెంచి చూడగా, మందు లేకున్నా పెరిగే రకాలు పుట్టుకొచ్చాయి. తాళాన్ని మళ్లీ బిగించవలసి వచ్చింది. మన దేశంలోనూ జన్యువులు మార్చిన సూక్ష్మజీవులను అనుమతి లేకుండా బయట వదలరాదని 1989 నుంచి నిబంధనలున్నాయి.

వైరస్ మారినట్టే పురుగూ మారుతుంది. 2007లో గ్వామ్ దీవిలో బయటపడిన కొమ్ముపురుగు రకానికి పాత వైరస్ లొంగదీసే మందు కాలేకపోయింది. కనుక ఒక్క ఉపాయాన్నే నమ్ముకుంటే లాభం లేదు. పురుగు పుట్టేది పెంటకుప్పల్లో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో. ఎరువు తిరగవేసి గొంగళ్లను ఏరేయడం, పడిపోయిన మొద్దులను తోటలోంచి తీసేయడం రైతు చేతిలో పని. మొవ్వు దెబ్బతిన్న చెట్లు కనిపిస్తే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో సలహా అడగవచ్చు.