హ్యామ్ రేడియో డిస్‌ప్లే బ్యాక్‌గ్రౌండ్ ఎలా మార్చుకోవాలి? ఏ రంగు పెడితే మంచిది?

ఫోన్‌లో వాల్‌పేపర్ మార్చడం రెండు ట్యాప్‌ల పని. మరి హ్యామ్ రేడియోలో? అక్కడ ఫొటోలు పెట్టుకోలేకపోయినా, చాలా సెట్లలో రంగు మార్చుకోవచ్చు. ఇది షోకు కోసం మాత్రమే అనుకోకండి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలిపోయాయి. భావనపాడు లాంటి తీర గ్రామంలో అలాంటి చీకట్లో, మిగిలిన కాస్త చార్జింగ్‌తో సెట్ వాడాల్సి వస్తే? స్క్రీన్ సెట్టింగ్ అప్పుడు పనికొస్తుంది.

బావోఫెంగ్ యూవీ-5ఆర్‌లో ఇలా

ఈ చేతి సెట్లో బ్లూ, ఆరెంజ్, పర్పుల్ అని మూడు బ్యాక్‌లైట్ రంగులుంటాయి. మెనూ బటన్ నొక్కి 29 కొట్టండి. మళ్లీ మెనూ నొక్కి, బాణం గుర్తులతో రంగు ఎంచుకోండి. ఇంకోసారి మెనూ నొక్కితే సేవ్ అవుతుంది. ఖాళీగా ఉన్నప్పటి రంగుకి 29, సిగ్నల్ వచ్చేటప్పుడు 30, మనం మాట్లాడేటప్పుడు 31.

మూడింటికీ ఒకే రంగు పెట్టకండి. జేబులో పీటీటీ బటన్ నొక్కుకుపోతే ఆ ఫ్రీక్వెన్సీలో మిగతావాళ్లెవరూ మాట్లాడలేరు. తుపాను వేళ అది చిన్న పొరపాటు కాదు. 31కి వేరే రంగుంటే చూడగానే తెలుస్తుంది. తోడుగా మెనూ 9లో టైమ్ అవుట్ కూడా పెట్టుకోండి.

సెట్ ఆన్ చేయగానే మీ కాల్‌సైన్ కనిపించాలా? చిర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ప్రోగ్రామింగ్ కేబుల్ ఉంటే చాలు. ఏడేసి అక్షరాల చొప్పున రెండు లైన్లు రాసుకోవచ్చు. వీయూతో మొదలయ్యే మన కాల్‌సైన్లు ఐదారు అక్షరాలే కాబట్టి హాయిగా పట్టేస్తాయి.

ఐకామ్ ఐసీ-7300లో ఇలా

దీనికి 4.3 అంగుళాల కలర్ టచ్‌స్క్రీన్ ఉంది. మెనూ, సెట్, డిస్‌ప్లే అని వెళ్లి డిస్‌ప్లే టైప్ తెరవండి. 'ఎ' అంటే నలుపు, 'బి' అంటే నీలం. బ్రైట్‌నెస్, స్క్రీన్ సేవర్, కాల్‌సైన్ కూడా అక్కడే ఉంటాయి.

నలుపు పెడితే బ్యాటరీ ఆదా అవుతుందా?

అమోలెడ్ ఫోన్లలో అవుతుంది. అక్కడ నల్లని పిక్సెల్ వెలగదు. ఐసీ-7300ది టీఎఫ్‌టీ ఎల్‌సీడీ. బొమ్మ నల్లగా ఉన్నా వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆదా కావాలంటే తగ్గించాల్సింది బ్రైట్‌నెస్. యూవీ-5ఆర్‌లో మెనూ 6తో లైటు కొన్ని సెకన్లకే ఆరిపోయేలా పెట్టుకోవచ్చు.

నలుపుతో లాభం కళ్లకే. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నీలం వెలుగు ఆ అలవాటును త్వరగా చెడగొడుతుంది, ఎరుపు వైపు రంగులు తక్కువగా చెడగొడతాయి. రాత్రి టార్చ్ లేకుండా బయటికెళ్లాల్సిన వాళ్లకి ఈ తేడా తెలుస్తుంది. అందుకే చేతి సెట్లో 29కి ఆరెంజ్, టేబుల్ సెట్లో నలుపుతో తక్కువ బ్రైట్‌నెస్ మా సలహా.

ఒక్క మాట. మన దేశంలో హ్యామ్ సెట్ వాడాలంటే కేంద్ర టెలికాం శాఖ లైసెన్స్ తప్పనిసరి. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. ముందు కాల్‌సైన్, తర్వాతే కలర్!