కళాచరిత్రలో డిగ్రీ: పాలమూరు పిల్లలకు దారి ఎటు?

తెలకపల్లిలో ఇంటర్ పాసైన పిల్లలు డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో బి.ఏ. కోసం వెతికితే చరిత్ర, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, తెలుగు కనిపిస్తాయి. కళాచరిత్ర అన్న పేరు తగలడం అరుదు. ఆ పేరుతో ఒక డిగ్రీ ఉందనీ, నాలుగేళ్లు దాన్నే చదవొచ్చనీ చాలా ఇళ్లలో తెలియదు. విన్నవాళ్లు కూడా ‘బొమ్మలు గీయడం వస్తేనే కదా’ అంటారు, లేదంటే ‘పాత గుళ్ల గురించి చదివి ఏం చేస్తారు’ అంటారు. ఈ రెండు మాటలకూ నిదానంగా జవాబు చెప్పుకోవాలి. అంతకన్నా ముందు ఆ తరగతిలో ఏం నేర్పుతారో చూద్దాం. అందుకు ఆలంపురాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు.

తుంగభద్ర ఒడ్డున ఉన్న నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలానివి, 7, 8 శతాబ్దాలవి. పేరులో బ్రహ్మ ఉన్నా అన్నీ శివాలయాలే. చరిత్ర విద్యార్థి ఎవరు కట్టించారు, ఏ యుద్ధం తర్వాత అని మొదలుపెడతాడు. కళాచరిత్ర విద్యార్థి తలెత్తి శిఖరం చూస్తాడు. స్వర్గబ్రహ్మ ఆలయ శిఖరం కింద వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ లోపలికి వంగి, ఉసిరికాయలా గాట్లున్న ఆమలకం దగ్గర ముగుస్తుంది. ఉత్తరాదిలో ఎక్కువగా కనిపించే ఈ తీరును రేఖానాగరం అంటారు. నాలుగడుగులు వేసి తారకబ్రహ్మ ఆలయం దగ్గరికి వెళ్తే అక్కడ శిఖరం తీరే వేరు. అంతస్తులు అంతస్తులుగా లేచే దక్షిణాది పద్ధతి అది. ఒకే ప్రాంగణంలో రెండు పద్ధతులు ఎందుకున్నాయి? కట్టించినవారి ఇష్టమా, శిల్పులు వేరే చోటు నుంచి వచ్చారా, కాలం మారిందా? మొదటి ఏడాది విద్యార్థికి ఇచ్చే పని అచ్చం ఇలాంటిదే. తోచింది రాస్తే కుదరదు, కంటికి కనిపించిన ఆధారం చూపి వాదించాలి.

ఆ వాదన ఇంకో గుడిని పక్కన పెట్టుకుంటేనే నిలుస్తుంది. కర్ణాటకలోని పట్టదకల్లులో గళగనాథ ఆలయ శిఖరానికి ఆలంపురం శిఖరాలతో దగ్గర పోలిక ఉంది. దానికి కొద్ది దూరంలోనే చాళుక్య రెండో విక్రమాదిత్యుడి రాణి లోకమహాదేవి కట్టించిన విరూపాక్షాలయం పూర్తిగా దక్షిణాది పద్ధతిలో ఉంటుంది. రెండు పద్ధతులనూ పక్కపక్కనే నిలబెట్టడం ఆ రాజ్యానికి అలవాటేనని అప్పుడు తెలుస్తుంది. స్విట్జర్లాండ్ పండితుడు హైన్రిష్ వోల్ఫ్‌లిన్ వందేళ్లకు పైగా కిందటే రెండు చిత్రాలను తెర మీద పక్కపక్కన వేసి పాఠం చెప్పేవాడు. ప్రపంచమంతటా కళాచరిత్ర తరగతులు నేటికీ ఆ పద్ధతిని వదల్లేదు.

తరవాతి ప్రశ్న కాలం. స్వర్గబ్రహ్మ ఆలయంలోని శాసనం వినయాదిత్యుడి పాలనకు (681–696) చెందింది కాబట్టి ఆ గుడి కాలం మనకు తెలుసు. శాసనం లేని గుడి సంగతేమిటి? దాని స్తంభాలు, ద్వారపాలకులు నిలబడే తీరు, నగల చెక్కడం, గర్భగుడి చుట్టూ ప్రదక్షిణకు వదిలిన దారి, వీటన్నిటినీ కాలం తెలిసిన గుడితో పోల్చి ముందుదా వెనకదా తేలుస్తారు. ఇక్కడే పొరపాట్లకు తావుంది. సాదాగా ఉన్నదల్లా పాతది కాదు. డబ్బు చాలక సాదాగా కట్టి ఉండొచ్చు, పాత పద్ధతి మీద మక్కువతో తరవాతివాళ్లు కట్టి ఉండొచ్చు. ఈ అనుమానాన్ని అలవాటు చేయడమే ఈ చదువు ఇచ్చే గొప్ప మేలని నా నమ్మకం.

ఆలంపురంలోనే దొరికిన లజ్జాగౌరి విగ్రహం తీసుకోండి. తల ఉండాల్సిన చోట పద్మం, ప్రసవభంగిమలో శరీరం. చూసి తల తిప్పుకునేవాళ్లున్నారు. సంతానం కోసం మొక్కేవాళ్లున్నారు. ఈ రూపం దక్కన్‌లో ఇంకెక్కడ కనిపిస్తుంది, ఎవరు పూజించారు, గుడిలోంచి మ్యూజియంలోకి వచ్చాక దాని అర్థం ఏమైంది అని అడగడం ఈ చదువులో పెద్ద భాగం. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తప్పించడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో తిరిగి నిలబెట్టారు. జటప్రోలు, సోమశిల గుళ్లదీ అలాంటి కథే. రెండు నదులు కలిసే చోట కట్టిన గుడి అక్కడి నుంచి కదిలాక అది అదే గుడా? నాగర్‌కర్నూల్ జిల్లా పిల్లలు ఈ ప్రశ్నను పుస్తకంలో వెతుక్కోవాల్సిన పని లేదు. ముంపు ఊళ్ల పెద్దలు ఇంకా ఉన్నారు, వెళ్లి వినొచ్చు.

గుళ్లే కాదు, చీరలూ ఈ చదువులోకి వస్తాయి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును మగ్గం మీదే కలుపుతారు. ఆ కలిపే పనిలోని నేర్పును అర్థం చేసుకోవడానికి నేతగాడి పక్కన కూర్చోవాల్సిందే.

ఇక ఎక్కడ చదవాలి? బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర, సౌందర్యశాస్త్రాలకు ప్రత్యేక విభాగమే ఉంది, డిగ్రీ నుంచే అందులో చేరొచ్చు. శాంతినికేతన్‌లో 1919లో మొదలైన కళాభవనలోనూ కళాచరిత్ర ప్రధానాంశంగా డిగ్రీ ఉంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో బి.ఏ.లో ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. అక్కడి భారత కళాభవన్ మ్యూజియం ప్రాంగణంలోనే ఉండటం పెద్ద సౌకర్యం. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్.ఏ. పెయింటింగ్, శిల్పం చదివేవాళ్లకు కళాచరిత్ర పాఠ్యాంశంగా ఉంటుంది. ఇల్లు మరీ దూరం కాకూడదనుకునేవాళ్లకు ఇది మంచి మొదలు.

బొమ్మలు గీయడం సంగతి. బరోడా, శాంతినికేతన్‌లలో మొదట్లో అందరికీ చిత్రలేఖనం, మట్టిపని నేర్పుతారు కాబట్టి కొంత చెయ్యి తిరగాలి. చిత్రకారుడే కానక్కర్లేదు. చెయ్యి పెట్టి చూసినవాడికి ఉలి దెబ్బ ఎంత లోతు పడిందో తెలుస్తుంది, అందుకే ఆ నియమం మంచిదే అంటాను. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో చదివి, ఆపైన బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ఆయనది చిత్రకళ దారి. అయినా తెలంగాణ పల్లె నుంచి బరోడాకు బాట ఎప్పుడో పడిందని చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

ఉద్యోగాల విషయంలో తల్లిదండ్రులకు దాపరికం లేకుండా చెప్పాలి. మ్యూజియాలు, పురావస్తు శాఖ, గ్యాలరీలు, కాలేజీ బోధన, ఇవే ముఖ్యమైనవి. ఖాళీలు తక్కువ. డిగ్రీతో ఆగితే కష్టం, ఎం.ఏ. దాకా పోవాలి. పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌వే కాబట్టి తెలుగు మీడియం పిల్లలకు మొదటి ఏడాది భారంగా గడుస్తుంది. ఇల్లు గడవడానికి వెంటనే జీతం కావాల్సిన కుటుంబమైతే, నాగర్‌కర్నూల్‌లోనే బి.ఏ. చరిత్ర చదివి తరవాత ఎం.ఏ.లో ఇటు మళ్లడం మేలు. 1989లో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైన సంస్థ ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ పేరుతో నోయిడాలో ఉంది. అక్కడ ఎం.ఏ. కళాచరిత్రకు బి.ఏ. చరిత్ర చదివినవాళ్లూ పోటీపడొచ్చు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లోనూ పీజీ స్థాయిలో ఈ చదువు ఉంది.

ఆలంపురానికి చెందిన గడియారం రామకృష్ణ శర్మ సంస్కృత పండితుడు, స్వాతంత్ర్య సమరయోధుడు. ఊరి శాసనాలనూ గుళ్లనూ జీవితాంతం పట్టించుకున్నారు. ఆయన చనిపోయాక 2007లో ఆత్మకథ ‘శతపత్రము’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సెలవుల్లో ఆలంపురం బస్సెక్కే పిల్లలు ముందు ఆ పుస్తకం చదివి, చేతిలో ఒక నోటుబుక్కు, పెన్సిలు పెట్టుకుని వెళ్లాలి. ఫోను ఫొటోలు తీసేలోపు ఒక ద్వారబంధాన్నైనా చూసి గీయాలి. ఆ గీతలు ప్రవేశ పరీక్షకూ పనికొస్తాయి.