ఇల్లే మీ రిహార్సల్ హాలు!

కాలేజీ రోజుల్లో నాటకం వేసి కప్పు తెచ్చుకున్నవాళ్ళు మీలో చాలామందే వుంటారు. ఆ కప్పు ఇప్పుడెక్కడుంది? అటక మీద పాత ఇత్తడి సామాన్ల మధ్యనా? పోనివ్వండి. ఆ సరదా మాత్రం అటకెక్కలేదు కదూ!

నాకు తెలిసిన ఒకావిడ సంగతి చెప్తాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి, వాళ్ళ కాలనీ ఉగాది నాటకంలో ఆవిడకి తల్లి వేషం వచ్చింది. రిహార్సల్సేమో సాయంత్రం ఏడింటికి, సరిగ్గా కుక్కర్ పెట్టే వేళకి! రెండు రోజులు వెళ్తే మూడు రోజులు మానాల్సి వచ్చేది. అందుకని ఇంట్లోనే అద్దం ముందు నిలబడి డైలాగులన్నీ బట్టీ పట్టేసింది. తీరా అప్పజెప్పాక డైరెక్టరుగారు ఏమన్నారో తెలుసా? "మాటలన్నీ వచ్చేశాయమ్మా... కానీ అక్కడ మీరు లేరు!" అన్నారట. ఇంకా పన్నెండు రోజులే గడువు. స్క్రిప్టు తిరిగి ఇచ్చేద్దామనుకుంది పాపం.

సంగీతం నేర్చుకునేవాళ్ళు పొద్దున్నే లేచి సరళీ స్వరాలు పాడుకుంటారు. నాట్యం నేర్చుకునేవాళ్ళు అడుగులు వేసుకుంటారు. మరి నటన నేర్చుకునేవాళ్ళు పక్కన ఇంకో పాత్రధారి లేకుండా, ఒంటరిగా ఏం సాధన చెయ్యాలి?

ఈ ప్రశ్నకి చక్కని జవాబు చెప్పినావిడ ఊటా హాగెన్ (1919-2004). జర్మనీలో పుట్టి, అమెరికా నాటకరంగంలో గొప్ప పేరు తెచ్చుకున్న నటి. న్యూయార్క్‌లో తన భర్త హెర్బర్ట్ బెర్గాఫ్ స్థాపించిన స్టూడియోలో ఏళ్ళ తరబడి నటన నేర్పారు. 1973లో వచ్చిన 'రెస్పెక్ట్ ఫర్ యాక్టింగ్' అనే పుస్తకంలో, నటులు తమంతట తామే సాధన చేసుకోవడానికి పది అభ్యాసాలు చెప్పారు. విశేషమేమిటంటే, వాటికి స్టేజీ అక్కర్లేదు, తెర అక్కర్లేదు. తలుపు, తాళంచెవి, కాఫీ గ్లాసు, ఫోను... ఇంట్లో వున్న వస్తువులు చాలు!

ఒకప్పుడు మన రంగస్థలం మీద, సురభి లాంటి సమాజాల్లో తప్ప, ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్ళే కట్టేవారు. సత్యభామ వేషానికి పేరుపొందిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. కొంగు సర్దుకోవడం దగ్గర్నుంచీ వాళ్ళు పనిగట్టుకుని నేర్చుకోవాల్సి వచ్చేది. మనకి ఆ సరుకంతా ఇంట్లోనే వుంది. వాడుకోవడమే తరువాయి!

స్కూల్లో మనం చూసిన ఏకపాత్రాభినయం వేరు. అందులో రాసిపెట్టిన మాటలు అప్పజెప్పాలి. ఇక్కడ చెప్పే వాటిల్లో ముందుగా రాసుకున్న డైలాగు వుండదు. ఆశుకవిత్వంలాగా ఇది ఆశునటన అనుకోండి. ఇంగ్లీషులో ఇంప్రొవైజేషన్ అంటారు. హాగెన్ చెప్పిన కొన్ని అభ్యాసాలను మనిళ్ళకి తగ్గట్టు మార్చి ఇస్తున్నాను. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు తీరిక చేసుకుంటే చాలు.

1. రెండు నిమిషాల జీవితం

మీరు ఒంటరిగా వుండే ఏ రెండు నిమిషాలైనా ఎంచుకోండి. పిల్లల్ని స్కూలుకి పంపి తలుపేసుకున్న ఆ రెండు నిమిషాలే అనుకుందాం. తర్వాత తీరిక వేళ అదే మళ్ళీ చేసి చూడండి. మొదలుపెట్టే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి: నేనెక్కడున్నాను? టైమెంత? ఇంతకు ముందే ఏం జరిగింది? ఇప్పుడు నాకేం కావాలి? దానికి అడ్డేమిటి? ఆ అడ్డు దాటడానికి ఏం చేస్తాను? వినడానికి సులువుగానే వుంటుంది గానీ, చేసి చూస్తే తెలుస్తుంది. నిజంగా తాపీగా చేసే పని కూడా 'నటించేటప్పుడు' గబగబా అయిపోతుంది!

2. పోయిన తాళంచెవి

బీరువా తాళంచెవి మీరే ఒకచోట దాచండి. ఇప్పుడు అదెక్కడుందో తెలియనట్టు వెతకండి. ఊరికే డబ్బాలు తెరిచి మూస్తే వెతికినట్టు వుండదు. ప్రతి చోటుకీ ఒక కారణం వుండాలి. "నిన్న బజారు నుంచి రాగానే సంచి ఇక్కడ పెట్టానుగా... పాలవాడికి డబ్బులిచ్చేటప్పుడు చేతిలోనే వుందే..." ఈ ఆలోచన లోపల నడుస్తూంటే చెయ్యి దానంతటదే సరైన చోటికి వెళ్తుంది. దొరికినప్పుడు మీ ముఖంలో వచ్చే తేడా మీకే తెలుస్తుంది.

3. చల్లటి గ్లాసు, వేడి కాఫీ

స్టేజీ మీద నిజంగా పొగలు కక్కే కాఫీ ఇవ్వరు కదా! అందుకని, ముందు నిజం కాఫీ తాగేటప్పుడు గమనించండి. స్టీలు గ్లాసుని వేళ్ళు అంచు దగ్గర ఎలా పట్టుకున్నాయి? కొంగు సాయం ఎప్పుడు తీసుకున్నారు? మొదటి గుక్కకి ముందు పెదవులు ఏం చేశాయి? తర్వాత చన్నీళ్ళతో అదంతా మళ్ళీ చెయ్యండి. ఖాళీ బిందె నిండుగా వున్నట్టు ఎత్తడం కూడా ఇలాంటిదే. బరువు నడుములో, నడకలో కనిపించాలి.

4. మూడు ఇబ్బందులు ఒకేసారి

తలనొప్పిగా వుంది. పక్కగదిలో పసివాడు ఇప్పుడే నిద్రపోయాడు. పది నిమిషాల్లో బస్సు. ఈ మూడింటి మధ్యా క్యారేజీ సర్దాలి. మొదట తలనొప్పి ఒక్కటే పెట్టుకుని చెయ్యండి. తర్వాత చప్పుడు కాకుండా చెయ్యండి. ఆఖర్న తొందర కలపండి. ఇది మనకి కొత్తేమీ కాదు లెండి, రోజూ చేసేదే! కాకపోతే ఇన్నాళ్ళూ దాన్ని నటనకి పాఠంగా చూడలేదు, అంతే.

5. అవతలివాళ్ళు లేని ఫోను

ఫోను స్విచ్చాఫ్ చేసి చెవి దగ్గర పెట్టుకోండి. అవతల ఎవరో, ఎలా వుంటారో, ఏం చెప్తున్నారో ఊహించుకుంటూ మాట్లాడండి. అసలు పరీక్ష మీ మాటల్లో కాదు, మీరు వినడంలో వుంది. అవతలివాళ్ళు చెప్పేంత సేపూ ఆగాలి. ఆ మాట నిజంగా మీ చెవిన పడాలి. జవాబు అప్పుడు పుట్టాలి.

6. మూడు డబ్బాల చీటీలు

అమెరికాలో వయోలా స్పోలిన్ (1906-1994) అనే ఆవిడ ఆటల ద్వారా ఆశునటన నేర్పారు. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు అనే మూడే ఆ పద్ధతికి పునాది. మూడు ఖాళీ డబ్బాలు తీసుకుని, ఒక్కోదానికి పదేసి చీటీలు రాసుకోండి. రోజూ తలా ఒకటి తియ్యండి. రిటైరైన టీచరు... రైల్వే ప్లాట్‌ఫారం... కళ్ళజోడు వెతుక్కుంటోంది. ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే మొదలుపెట్టి మూడు నిమిషాలు చెయ్యండి.

ఈ రెండూ మరవకండి

అద్దం వద్దు. అద్దంలో చూసుకుంటూంటే ఎలా కనిపిస్తున్నామన్న ధ్యాసే తప్ప, ఏం కావాలన్న ధ్యాస వుండదు.

కన్నీళ్ళ కోసం ప్రయత్నించకండి. ఒంటరిగా వున్నప్పుడు సొంత గాయాల్ని రేపుకోవడం అసలు వద్దు. రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ (1863-1938) చెప్పినట్టు, 'ఈ పరిస్థితిలో నేనే వుంటే ఏం చేస్తాను?' అని అడిగి చూసుకోండి. చెయ్యాల్సిన పని మీద మనసు పెడితే, రావలసిన భావం దానంతటదే వస్తుంది.

ఇంతకీ మన కాలనీ తల్లి ఏమైందంటారా? నాటకంలో ఆవిడదొక ఫోను సీను. ఊరుగాని ఊళ్ళో వున్న కొడుకు, పండక్కి రావడం లేదని చెప్తాడు. ఆవిడ రోజూ మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి అయిదో అభ్యాసం చేసేది. ఎనిమిదో రోజున పక్కగదిలోంచి అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చారు.

"ఏం అమ్మాయ్, పిల్లాడు రావడం లేదా? వొంట్లో బాగానే వుందా వాడికి?"

చేతిలో ఫోను స్విచ్చాఫ్‌లో వుంది! "నాటకం అత్తయ్యా, మనవాడు శుక్రవారం వస్తున్నాడు" అని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చిందట. ఆ సాయంత్రం కుక్కర్ సంగతి అత్తగారే చూసుకున్నారు. "వెళ్ళిరా, ఆలస్యమవుతుంది" అన్నారట. రిహార్సల్లో డైరెక్టరుగారు ఆ సీను రెండోసారి చేయించలేదు.

మీకు వేషం రావచ్చు, రాకపోవచ్చు. సాధనకి మాత్రం ఎవరి పిలుపూ అక్కర్లేదు. రేపు మధ్యాహ్నం అంట్లు కడిగేశాక, ముందు ఆ తాళంచెవి దాచండి!