మెరీనా ఇసుక ఎక్కడిది?

చెన్నై వెళ్ళినవాళ్ళు మెరీనా బీచి చూడకుండా తిరిగి రారు. మీరు కూడా గుగ్గిళ్ళ పొట్లం చేత పట్టుకుని, రోడ్డు దిగి సముద్రం వైపు నడక మొదలుపెడతారు. ఎంత నడిచినా ఇసుకే! కొన్నిచోట్ల నీళ్ళను అందుకోవడానికి దాదాపు మూడు వందల మీటర్లు నడవాలి.

నూట యాభై ఏళ్ళ కిందట ఇక్కడ ఇంత ఇసుక లేదంటే నమ్ముతారా? అప్పుడు అలలు ఇప్పటి రోడ్డుకు దగ్గరలోనే విరిగేవి. 1876లో ఇక్కడ హార్బరు పనులు మొదలయ్యాయి. ఓడలకు అలల తాకిడి తగలకుండా సముద్రంలోకి రాతిగోడలు కట్టారు. 1881లో తుపాను వాటిని దెబ్బతీసినా, మళ్ళీ కట్టారు. మెరీనాను ఇంత వెడల్పు చేసింది ఆ గోడలే!

ఎలాగంటారా? నీటి అంచున నిలబడి అలలను గమనించండి. ఏడాదిలో ఎక్కువ కాలం అవి ఆగ్నేయం నుంచి ఏటవాలుగా వస్తాయి. వస్తూ ఇసుక రేణువును కూడా ఏటవాలుగా ఒడ్డుకు తోస్తాయి. వెనక్కి వెళ్ళే నీరు మాత్రం వాలు వెంట తిన్నగా దిగుతుంది. అంటే ఒక్కొక్క అలకూ రేణువు కాస్త ఉత్తరానికి జరిగిందన్నమాట. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత ఇసుక దక్షిణానికి మళ్ళుతుంది. అయినా ఏడాది మొత్తం మీద చూస్తే ప్రయాణం ఉత్తరానికే. ఈ దారికి హార్బరు గోడ అడ్డుపడింది. దక్షిణాన ఇసుక మేట వేసింది.

మరి గోడకు ఉత్తరాన ఏమైంది? అక్కడి ఇసుకను అలలు ఎప్పటిలాగే మోసుకుపోతున్నాయి. దాని స్థానంలోకి రావలసిన ఇసుక మాత్రం రావడం లేదు. ఖర్చేగాని జమ లేదు! రాయపురం నుంచి ఎన్నూరు వైపు వెళితే, మెరీనా వంటి ఇసుకకు బదులు వరుసగా పేర్చిన బండరాళ్ళు కనిపిస్తాయి. ఒడ్డు కోసుకుపోయి జాలరుల ఇళ్ళెన్నో సముద్రం పాలయ్యాక, మిగిలినదాన్ని కాపాడేందుకు వేసిన రాళ్ళవి.

మన విశాఖపట్నంలోనూ ఇసుక ఉత్తరానికే నడుస్తుంది. అక్కడ హార్బరు దగ్గర ఆగిన ఇసుకను డ్రెడ్జరుతో తవ్వి, ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచికి చేరవేస్తుంటారు. ఆగిపోయిన ప్రయాణాన్ని మనిషి పూర్తిచేస్తున్నాడన్నమాట.

ఈసారి సముద్రతీరానికి వెళ్ళినప్పుడు, నీళ్ళలోకి చొచ్చుకుపోయిన గోడ ఏదైనా ఉందేమో చూడండి. దానికి ఏ వైపున ఇసుక పెరిగింది? ఏ వైపున తరిగింది? ఈ రెండూ గమనిస్తే, అక్కడి ఇసుక ఎటు ప్రయాణిస్తున్నదో మీరే చెప్పగలరు.