షాన్ పేరులో దీర్ఘం

ఐర్లండ్ సొంత భాష ఐరిష్‌లోనూ దీర్ఘాలున్నాయి. అచ్చు మీద చిన్న వాలు గీత పెడతారు. దాన్ని ‘ఫాద’ అంటారు, అంటే పొడుగు. మనకు కలం వేరు, కాలం వేరు అయినట్టే అక్కడ ‘ఫ్యార్’ మగవాడు, ఫాద చేరితే ‘ఫేర్’, గడ్డి. ‘ల్యన్’ తాగే బీరు, ‘లేన్’ చదువు. షాన్ అక్కడ ఇంటింటా వినపడే పేరు. ఫాద ఎగిరిపోతే మిగిలేది ‘షన్’, ముసలి అని అర్థం. కంప్యూటర్ రికార్డుల్లో ఈ గీత తరచూ మాయమవుతూ వచ్చింది. 2021లో అధికార భాషల చట్టాన్ని సవరించి, ఐరిష్ పేర్లను ఫాదతో సహా సరిగ్గా నమోదు చేయడం ప్రభుత్వ సంస్థల బాధ్యతగా మార్చారు. మంచి పని చేశారు. మనిషి పేరును అతని భాషలో తప్పు లేకుండా రాయడం కనీస మర్యాద.

ఐర్లండ్‌లో మరుగుదొడ్డి తలుపు మీద ఎం, ఎన్, ఏ అక్షరాలు కనిపిస్తే మగవాళ్లు ఆగాలి. ఇంగ్లిష్ ‘మ్యాన్’ అక్షరాలే తారుమారై అచ్చయ్యాయనుకుని కొత్తవాళ్లు లోపలికి వెళ్లబోతారు. అది ‘మ్నా’, ఆడవాళ్లు. ‘ఫిర్’ అని రాసి ఉన్న తలుపు మగవాళ్లది.

మాట ఒకటే, ఊరు మారితే అర్థం మారుతుంది. పడమటి తీరాన కానమారాలో ‘గసూర్’ అంటే ఆడపిల్ల కావచ్చు, మగపిల్లాడూ కావచ్చు. ఉత్తరాన డొనెగాల్‌లో మాత్రం మగపిల్లాడు. ఇక బంగాళాదుంప దక్షిణాన ‘ప్రాతీ’, పడమట ‘ఫతీ’, ఉత్తరాన ‘ప్రేతీ’. సొరకాయా ఆనపకాయా అని మన ఇళ్లలో నడిచే వాదం వాళ్లకూ తెలుసు.

‘గోర్మ్’ అంటే నీలం. కానీ నల్లజాతి మనిషిని చెప్పడానికీ ఈ రంగునే వాడుతూ వచ్చారు, ఎందుకంటే ‘నల్లని మనిషి’ అనే పదబంధం పాతకాలం నుంచీ సైతానుకు పేరు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ‘ద్యాస్’. దీనికి ‘అందమైన’ అనే అర్థముంది. ‘కుడి’ అనీ ఉంది. దక్షిణ దిక్కుకు వెళ్లడాన్ని చెప్పేటప్పుడూ ఇదే వస్తుంది. ఉదయించే సూర్యుడికి ఎదురుగా నిలబడండి, కుడిచేయి దక్షిణం వైపు ఉంటుంది. సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘దక్షిణ’కూ కుడి, దక్షిణ దిక్కు అనే రెండు అర్థాలూ ఉన్నాయి. ఇది కాకతాళీయం కాదు, రెండు మాటలూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి పుట్టాయి. ఇంకా ఉంది. ఇదే మాట నుంచి ఐరిష్‌లో ‘దెషల్’ వచ్చింది, సూర్యగమనం వెంట, కుడివైపుగా తిరగడమని అర్థం. ఐర్లండ్ పల్లెల్లో పవిత్రమైన బావుల చుట్టూ భక్తులు ఇప్పటికీ ఆ దిశలోనే తిరుగుతారు. మనం గుడి చుట్టూ చేసే ప్రదక్షిణలోనూ దేవుడు కుడిపక్కనే ఉంటాడు కదా!

డబ్లిన్‌లో కాపురం పెట్టిన తెలుగువాళ్లు అక్కడి ఇంగ్లిష్‌నూ కాస్త కొత్తగా వినాలి. మీవాడు ‘బోల్డ్’ అని టీచర్ చెబితే ధైర్యవంతుడని మురిసిపోకండి, అల్లరి చేస్తున్నాడని అర్థం. ‘ప్రెస్’ అల్మరా. ‘గివింగ్ ఔట్’ తిట్టడం. ఈ చివరిది ఐరిష్ నుడికారాన్ని ఇంగ్లిష్‌లోకి దింపుకున్నది.

ఊళ్ల పేర్లలో ‘కిల్’ రెండు దారుల్లో వచ్చింది. ఐరిష్‌లో చర్చికి ఒక మాట, అడవికి మరో మాట. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో రెండూ కలిసిపోయాయి. 1824లో మొదలైన బ్రిటిష్ ఆర్డ్‌నెన్స్ సర్వే ఆ స్పెల్లింగులను పటాల్లో స్థిరపరిచింది. కిల్డేర్ అంటే సింధూర వృక్షపు చర్చి. మేయో కౌంటీలోని కిల్టిమాఖ్‌లో ఉన్నది అడవి.

కెర్రీ కౌంటీలోని డింగిల్ పట్టణం పేరు మీద పెద్ద గొడవే జరిగింది. ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో ఐరిష్ పేర్లే అధికారికమని 2005లో ఉత్తర్వు అమలులోకి రావడంతో ఆ ఊరు ‘అన్ దాంగిన్’ అయింది, అంటే కోట. ఆఫలీ కౌంటీలో అదే పేరుతో ఇంకో ఊరుంది. పర్యాటకులే ఆధారమైన డింగిల్ జనం ఊరుకోలేదు. 2006లో ఓటింగ్ పెట్టుకుని, డింగిల్ పేరునూ పూర్తి ఐరిష్ పేరు ‘దాంగిన్ ఈ ఖూష్’నూ కలిపి కోరుకున్నారు. 2011లో చట్టం ఆ రెండు పేర్లనూ ఖాయం చేసింది.