పేరు అడిగేవారు ఉన్నారా?

మదనపల్లెలో, పుంగనూరులో బస్సెక్కినా, కుప్పంలో రైలెక్కినా బెంగళూరు కొన్ని గంటల ప్రయాణమే. ఆ నగరానికి బిడ్డల్ని పంపిన తల్లిదండ్రులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. ఫోన్ చేస్తే, "బాగున్నానమ్మా" అంటారు. జీతం వస్తోంది, పీజీలో భోజనం దొరుకుతోంది. అయినా శనివారం సాయంత్రం గది తలుపు వేసుకుంటే, సోమవారం ఉదయం దాకా పేరు పెట్టి పిలిచేవారు ఉండరు. ఒంటరితనమంటే మనుషులు లేకపోవడం కాదు, ఇందరిలో మనల్ని ఎరిగినవారు లేకపోవడం.

దీన్ని చిన్న బాధగా కొట్టిపారేయలేం. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో విడుదల చేసిన నివేదిక చెప్పింది. గుండె జబ్బు, పక్షవాతం, కుంగుబాటు ముప్పు దీనివల్ల పెరుగుతుందని హెచ్చరించింది. ఇది ముసలివారి సమస్య అనుకుంటాం గానీ, యౌవనస్తుల్లోనూ ఎక్కువగానే ఉంది.

మరి దీనికి విరుగుడేమిటి? కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు వెళ్లి వచ్చేవారిని అడగండి. మొదట ముఖపరిచయం. తర్వాత "కొంచెం జరుగన్నా". కొన్నాళ్లకు క్యారియర్‌లోని చింతపండు పులిహోర పంచుకుంటారు. ఒకరోజు రాకపోతే, "ఆయన ఏమయ్యాడు?" అని అడుగుతారు. అనుకోకుండా కలిసిన మనిషి మళ్లీ మళ్లీ కలవడం వల్ల మనవాడయ్యాడు.

మన ప్రాంతం ఈ సంగతి ఎప్పుడో చూసింది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో, వందేళ్ల కిందట, వేర్వేరు మిషన్లు కలిసి క్షయ ఆసుపత్రిని నడిపాయి. క్షయకు సరైన మందు లేని ఆ రోజుల్లో రోగులు నెలల తరబడి ఇల్లు విడిచి ఉండాల్సి వచ్చేది. అలాంటప్పుడు పక్క మంచం మీది మనిషి పలకరింపు ఎంత ఆదరణో ఊహించుకోవచ్చు.

ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు తోడుగా నడిచిన ప్రభువును గుర్తుపట్టలేదు. పొద్దుగుంకింది, మాతో ఉండమని బలవంతం చేశారు. రొట్టె విరిచినప్పుడే వారి కళ్లు తెరుచుకున్నాయి. ఆ రాత్రి పిలవకపోయి ఉంటే?

మనం కొత్తవారికి "ప్రైజ్ ద లార్డ్" చెబుతాం, పేరు అడగం. చివరి బెంచీలో కూర్చున్న ఆ బిడ్డ ఆశీర్వాదం కాగానే వెళ్లిపోతుంది. బెంగళూరు వెళ్లే మన బిడ్డల్ని ప్రార్థన చేసి పంపడంతో సరిపెట్టకండి. అక్కడి తెలుగు సంఘంలో ఒక కుటుంబానికి ముందే ఫోన్ చేసి చెప్పండి. అలాగే పని కోసం మన ఊరికి వచ్చిన పరాయి రాష్ట్రపు కూలీ మన పక్కన నిలబడితే, అతడూ ఎక్కడో ఒక తల్లి కొడుకే.

ఈ ఆదివారం ఒకరి పేరు అడగండి. వచ్చే ఆదివారం ఆ పేరుతోనే పిలవండి.