పొదిగెడి పాము

దివిసీమలో వరిచేల గట్లపై పామును జూచి వెనుకకు తగ్గనివారుండరు; వారిలో పలువురే మోపిదేవిలో పుట్టకు పాలు పోయుదురు. పాము తల్లియై ఏమి చేయునో గమనించినవారు మాత్రము కొలదిమంది.

పెక్కు పాములు గుడ్లు పెట్టి తమ దారిని పోవును. కొండచిలువ అట్లు కాదు. గుడ్లను కుప్పగా చేర్చి, వానిని తన చుట్టలతో కప్పి, దాదాపు రెండు నెలలు సాధారణముగా మేత ముట్టక పొదుగును. మన దేశపు కొండచిలువ కండరములను అదరించి వేడిని గూడ పుట్టించును. శీతలరక్తజీవికి వేడి యెక్కడిదని విద్యార్థులడుగుట సహజమే! 1841లో పారిస్‌లో వలాన్సియెన్ అను శాస్త్రజ్ఞుడు ఆ వేడిని ఉష్ణమాపకముతో కొలిచి చూపెను.

ఇపుడు కొందరు ఇండ్లలో పెంచుచున్న ఆఫ్రికా బంతికొండచిలువకు ఆ శక్తి లేదు. అది ముఖ్యముగా గుడ్లలోని తేమను కాపాడును. కనుక తొలిసారి పిల్లలను చేయింపదలచినవాడు గుడ్లను పెట్టెలోనికి మార్చినచో 31, 32 డిగ్రీల వేడిని, తేమను తానే సమకూర్చవలెను. మచిలీపట్నపు వైశాఖమున వేడికంటె చల్లదనమే కష్టమనుట వేరు సంగతి. గుడివాడ పల్లెలలో కోళ్లను పొదిగించినవారికి ఇచట ఒక చిక్కు కలదు. కోడి తన గుడ్లను దినదినము దొర్లించును, పాముగుడ్డును దొర్లింపరాదు. పిండము పెంకు లోపల పైభాగమున అంటుకొని యుండును. గుడ్డు తిరుగబడినచో నశింపవచ్చును. అందుకే పైవైపున పెన్సిలుతో గుర్తు పెట్టుదురు. కృష్ణా తీరమున సముద్రపు తాబేళ్ల గుడ్లను ఏరి పొదిగించువారును ఇదే జాగ్రత్త పాటింతురు.

దేశీయ కొండచిలువను పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. బంతికొండచిలువనైనను 2024 నియమములననుసరించి నమోదు చేయింపవలెను. పుట్టిన పిల్లల సంగతియు తెలుపవలెను.

పిల్ల తన ముక్కుకొనయందలి పంటితో పెంకును చీల్చి, తల మాత్రము వెలికిపెట్టి, ఒక దినమో అంతకు మించియో అట్లే యుండును. దానిని బయటికి లాగరాదు. లోపల మిగిలిన సొన ఇంకను దాని ఒంట ఇంకవలసి యున్నది.